కొరియన్‌తో మన పోలిక మాటల్లో లేదు

కొరియన్ నేర్చుకుందామనుకునే తెలుగువాళ్లకు ఈమధ్య ఎక్కడ చూసినా ఒకే పట్టిక ఎదురవుతోంది. మన అమ్మను వాళ్లు ‘ఒమ్మా’ అంటారట, తమిళుల అప్పా వాళ్లకూ ‘అప్పా’యేనట, నేనుకు ‘నా’, నువ్వుకు ‘నొ’. కొరియన్ మన భాషలకు చుట్టమే కాబట్టి మాటలు ఇట్టే పట్టుబడతాయని ఆ పట్టిక కింద ఒక హామీ. కొరియన్ సీరియళ్లు చూసి ఉత్సాహపడిన పిల్లలు, పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చాక ఉద్యోగం కోసం ఈ భాష మీద దృష్టి పెట్టిన యువకులు ఈ మాట నమ్ముతున్నారు. ఇది తప్పు. పైగా నేర్చుకునేవాళ్లకు నష్టం చేసే తప్పు.

వాదం పాతదే. కొరియాలో పాఠాలు చెప్పిన అమెరికన్ హోమర్ హల్బర్ట్ 1905లోనే కొరియన్‌ను ద్రావిడ భాషలతో పోలుస్తూ ఒక వ్యాకరణం ప్రచురించాడు. అయుత అనే దేశం నుంచి క్రీ.శ. 48లో ఓడెక్కి కొరియాకు వచ్చి అక్కడి సురో రాజును పెళ్లాడిన రాణి హొ హ్వాంగ్ ఓక్ కథ కూడా దీనికి ఊతమిచ్చింది. అయుత అంటే అయోధ్య అని కొందరు, తమిళదేశమని కొందరు. కథ అందమైనదే. కానీ అది కనిపించే ‘సంగుక్ యుసా’ 13వ శతాబ్దపు గ్రంథం. కథాకాలానికీ రాతకూ మధ్య పన్నెండు వందల ఏళ్లు గడిచాయి. కథ నిజమే అనుకున్నా, ఒక్క రాణి రాకతో ఒక జాతి మాట్లాడే భాష పుట్టదు.

భాషల చుట్టరికానికి గీటురాయి వేరే ఉంది. తెలుగు ‘పాలు’ కన్నడలో ‘హాలు’, ‘పులి’ ‘హులి’, ‘పువ్వు’ ‘హూవు’. ఇలా వరసగా, ఒక నియమం ప్రకారం ధ్వనులు మారితేనే రెండు భాషలూ ఒక తల్లి బిడ్డలని నిర్ధారిస్తారు. భద్రిరాజు కృష్ణమూర్తి వంటి పండితులు ద్రావిడ భాషల చరిత్రను ఇటువంటి సూత్రాల మీదే నిర్మించారు. కొరియన్‌కూ తెలుగుకూ మధ్య అలాంటి సూత్రాన్ని ఎవరూ నిలబెట్టలేకపోయారు. ఒకటి నుంచి ఐదు దాకా కొరియన్ అంకెలు వినండి: హనా, దుల్, సెత్, నెత్, దసొత్. కన్ను ‘నున్’, చెవి ‘గ్వి’, చెయ్యి ‘సోన్’, నీళ్లు ‘ముల్’, నిప్పు ‘బుల్’. నిజంగా చుట్టరికమే ఉంటే ముందు పోలవలసినవి ఇవే కదా! ఇక అమ్మ, అప్ప సంగతి: పసివాళ్ల పెదాల మీద తొలుత పలికేవి మ, ప వంటి ధ్వనులే. అందుకే ప్రపంచమంతటా తల్లిదండ్రుల పిలుపులు వాటితోనే తయారవుతాయని భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్ ఏనాడో వివరించాడు. జార్జియన్ భాషలో ‘మామా’ అంటే తండ్రి.

అయితే కొరియన్ వింటుంటే మనకు దగ్గరగా అనిపించడం భ్రమా? కాదు. ఆ దగ్గరతనం వాక్యంలో ఉంది.

‘జిబె గసొ బబుల్ మొగొస్సొయో.’ జిబ్ ఇల్లు, ఎ ‘కి’, గసొ ‘వెళ్లి’, బప్ అన్నం, ఉల్ ‘ని’, చివర ‘తిన్నాను’. ఇంటికి వెళ్లి అన్నం తిన్నాను. ఒక్క మాటనూ చోటు కదపనక్కర్లేదు. ‘ఒజె బోన్ యొంగ్హ్వా’ అంటే నిన్న చూసిన సినిమా. వాన వాళ్లకూ ‘వస్తుంది’: బిగా వయో. వానొస్తే అనడానికి ‘బిగా ఒమ్యొన్’. రుచి చూడమని అతిథికి ‘మొగొ బొసెయో’ అంటారు, అచ్చంగా తిని చూడండి. పైగా మనకున్న వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు గొడవ లేదు. మర్యాద సంగతి పక్కన పెడితే అందరికీ ‘గయో’ ఒక్కటే. జపనీస్, తుర్కీ వాక్యాలూ చాలావరకు ఈ తీరువే కాబట్టి దీన్ని రక్తసంబంధం అనలేం. నేర్చుకునేవాడికి మాత్రం ఇది గొప్ప వరం.

ఆ వరాన్నే మన పాఠాలు కాలదన్నుతున్నాయి. పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే దొరుకుతాయి, ఇంగ్లిష్ వాక్యాన్ని తలకిందులు చెయ్యడం ఎలాగో నేర్పుతాయి. ‘చూసిన సినిమా’ అని మూడేళ్లప్పటి నుంచి అంటున్న పిల్లచేత దాన్ని ముందు ఇంగ్లిష్‌లోకి మార్పించి, అక్కడి నుంచి కొరియన్‌లోకి తిప్పిస్తారు. ఇంత అన్యాయం జరుగుతుంటే పోలికంతా ‘ఒమ్మా’ దగ్గరే ఆగిపోవడం బాధాకరం.

మాటలకూ మనకు తెలిసిన కిటుకే ఉంది. కొరియన్ నిఘంటువులో సగానికి పైగా చైనీస్ మూలాల మాటలే. ‘హక్’ అంటే చదువు. హక్గ్యో బడి, హక్సేంగ్ విద్యార్థి, దేహక్ విశ్వవిద్యాలయం, సుహక్ గణితం. విద్య తెలిస్తే విద్యార్థి, విద్యాలయం వాటంతటవే విడిపోయే భాషలో పెరిగినవాళ్లకు ఈ పద్ధతి అలవాటైనదే. ధాతువు పట్టుకుంటే గుత్తులుగా వచ్చే మాటల్ని ఒక్కొక్కటిగా బట్టీ పట్టించడం దేనికి?

పోలిక ఎక్కడ తెగుతుందో కూడా తెలుగులోనే చెప్పాలి. ‘ఇంట్లో ఉన్నాను’, ‘ఇంట్లో తిన్నాను’ రెండింటికీ మనకు ‘లో’ ఒకటే. కొరియన్‌లో ఉండటానికి ‘జిబె’, పని చెయ్యడానికి ‘జిబెసొ’. తెలుగువాడు ఇక్కడ తడబడక తప్పదు. ఇంగ్లిష్‌వాళ్ల కోసం రాసిన పుస్తకం ఆ తడబాటుకు కారణం చెప్పలేదు. మర్యాద మరొకటి. నాన్న వచ్చారని చెల్లెలితో ‘అబొజిగా ఒష్యొస్సొ’ అంటే చాలు, మాస్టారితో అయితే ‘ఒష్యొస్సొయో’ అనాలి. నాన్న మీది గౌరవం క్రియలోనే ఉంది, చివరి ‘యో’ వినేవారి కోసం. మన ‘వచ్చారు’, ‘వచ్చారండి’ తేడా ఇదే. కాకపోతే మనం ఒకసారి ‘అండి’ అన్నాక తర్వాతి మాటల్లో వదిలేసినా ఎవరూ నొచ్చుకోరు. అక్కడ పై అధికారితో మాట్లాడేటప్పుడు ప్రతి వాక్యానికీ మర్యాద ముగింపు ఉండాల్సిందే. కొరియన్ కంపెనీలో చేరబోయే కుర్రాడికి మొదటి వారంలోనే నేర్పాల్సిన పాఠం ఇది.