ఉన్ని మేజోళ్లు



చలికాలపు వేకువ ప్రార్థనకు కంచికచర్లలో మన పెద్దలు మేజోళ్లు తొడుక్కుని వస్తారు. ఉన్నివని కొన్నవి ఒక్కోసారి ఆక్రిలిక్‌వి. ఊడిన పోగొకటి దీపానికి చూపండి. వెంట్రుక కాలిన వాసనతో బూడిదైతే ఉన్ని. కరిగి పూసలా గట్టిపడితే ప్లాస్టిక్.

ఆ దారం ముడి చమురు నుండి వచ్చినది. ఉతికినప్పుడల్లా కంటికానని పోగులు కాలువలో కలుస్తాయి. మట్టిలో ఏళ్ల తరబడి చివకవు. ఉన్ని మాత్రం కుళ్లి ఎరువవుతుంది. మన నెల్లూరు జాతి గొర్రెలకు ఉన్ని లేదు గాని, తెలంగాణలో కురుమలు దక్కని గొర్రెల నల్ల ఉన్నితో, రంగు అద్దకుండానే గొంగడి నేస్తారు.

ఉన్ని మేజోళ్లు ఖరీదే. మూడు జతలకు బదులు ఒక్కటే కొని, చిరిగితే కుట్టుకుందాము. దేవుడు మనకప్పగించిన నేలను మన పాదాల దగ్గర నుండే కాపాడుదము.