మందుల షాపులో కుక్కకాటు టీకా

జైనూర్ నుంచి ఒక పాఠకుడు రాశారు: "సంత నుంచి వస్తుంటే మా ఎనిమిదేళ్ళ అబ్బాయిని కుక్క పిక్క మీద కరిచింది. రక్తం వచ్చింది. మందుల షాపతను టీకా తన దగ్గరే ఉందని చెప్పి, పిరుదుకు సూది వేశాడు. మిగతావి కూడా అక్కడే వేయించవచ్చునా?"

వద్దు. ఇది అచ్చయ్యేదాకా ఆగితే ఆలస్యమవుతుందని, ఆయనకు విడిగా కబురు చేశాను. మీకూ ఎప్పుడైనా అవసరపడవచ్చు కనుక వివరంగా చెబుతాను.

రక్తం వచ్చిన కాటుకు టీకా ఒక్కటే చాలదు. అది పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ లోపల రక్షణగా ఇమ్యూనోగ్లోబులిన్ అనే మందును గాయం లోపల, చుట్టూ ఎక్కించాలి. మొదటి టీకాతోపాటే ఇవ్వాలి. తప్పిపోతే ఏడు రోజుల లోపల. తర్వాత ఇచ్చి లాభం లేదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ఇక టీకాను పిరుదుకు వేస్తే సరిగా పనిచేయదు. భుజానికి వేయాలి, పసిపిల్లలకైతే తొడకు.

చట్టం ఏమంటుందో చూడండి. 1945 నాటి మందుల నిబంధనల ప్రకారం, డాక్టరు చీటీ మీద మందు ఇవ్వవలసింది రిజిస్టరైన ఫార్మసిస్టు, లేదా అతని కళ్ళెదుట మరొకరు. (గోడకు సర్టిఫికెట్ వేలాడుతుంది, కౌంటరు దగ్గర బావమరిది కూర్చుంటాడు. అది చెల్లదు.) డాక్టరు రాసినది లేదని అలాంటిదే మరొకటి అంటగట్టకూడదు. టీకాలు అమ్మడానికి ఫారం 21 లైసెన్సు వేరే ఉండాలి. వాటిని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. అమ్మడం వరకే అతని హక్కు. రోగిని పరీక్షించి, ఏ మందు కావాలో తేల్చి, సూది వేయడం అతని పని కాదు. అమెరికాలో ఫార్మసిస్టులే టీకాలు వేస్తారని మీ అబ్బాయో అమ్మాయో చెప్పి ఉండవచ్చు. నిజమే, అక్కడ అందుకు శిక్షణ, చట్టం రెండూ ఉన్నాయి.

షాపతను చెడ్డవాడని నేననను. అర్ధరాత్రి తలుపు కొడితే లేచేది చాలా ఊళ్ళలో అతనే. కాని సూది పడక ఊపిరి అందకపోతే, అడ్రినలిన్ ఇచ్చి కాపాడే ఏర్పాటు అతని దగ్గర ఉండదు.

కుక్క కరవగానే గాయాన్ని సబ్బుతో, ధారగా పోసిన నీళ్ళతో పావుగంట కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. కట్టు కట్టవద్దు. వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి, టీకాకు డబ్బు తీసుకోరు. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు.

షాపులో ఇప్పటికే వేయించి ఉంటే, ఖాళీ సీసా, బిల్లు వెంట తీసుకువెళ్ళండి. ఏ టీకా, ఎక్కడ వేశారు, ఫ్రిజ్‌లోంచి తీశారా అని డాక్టరు అడుగుతారు. ఆ డోసును లెక్కలోకి తీసుకోవాలా, మళ్ళీ మొదటినుంచీ వేయాలా అన్నది ఆ జవాబులను బట్టే ఉంటుంది.