దొరకలేదన్న మాటకు అర్థమేమి?



ఛందస్సు మీద వ్రాస్తున్న టపాల వరుసను ఈ వారం ఆపి, నాకు ఏమాత్రం అధికారం లేని విషయమొకటి ఎత్తుకుంటున్నాను. మనలో సగంమంది సాఫ్ట్‌వేర్ వృత్తిలోనివారే కనుక, తప్పులుంటే దిద్దగలరు.

నెల క్రితం మా పెద్దబ్బాయి ఒకటిన్నర పుటల ఆంగ్లప్రతిని నా ముందు పెట్టి, "నాన్నగారూ, ఇది చదివి ఎక్కడ సందేహం కలుగుతుందో చెప్పండి" అన్నాడు. అది రిప్‌గ్రెప్ అనే వెతికే ఉపకరణానికి వ్రాసిన వివరణ. చదవబోయేది మనిషి కాదు, కృత్రిమ మేధతో నడిచే ఏజెంటు. "నాతో పనేమిటిరా?" అంటే, "ముప్పైయేళ్ళు పిల్లలచేత సూత్రాలు చదివించారుగా. చెప్పని దాన్ని ఊహించుకొనే విద్యార్థి సంగతి మీకు తెలిసినంత మాకు తెలియదు" అన్నాడు.

వాడు చెప్పగా నాకు బోధపడినది ఇది. వేలకొద్దీ ఫైళ్ళున్న ప్రోగ్రామును ఏజెంటు ఒక్కసారిగా చదవలేదు. ఒక పేరును వెతికి, అది కనబడిన నాలుగైదు ఫైళ్ళను తెరచి, వాటిని బట్టి మిగిలినదంతా ఊహించి, ఆపై దిద్దుబాట్లు చేస్తుంది. అంటే వెతికే ఉపకరణమే దానికి కన్ను. ఆ కన్ను ఎంత మేర చూస్తుందో దానికి తెలియజేసేది ఆ ఒకటిన్నర పుటల వివరణే.

వాడి కచేరీలో అంతకు ముందువారం జరిగిన సంగతి విన్నాక నాకు ఆసక్తి పెరిగింది. ఎవరూ వాడని ఫైళ్ళను తొలగించమని ఏజెంటుకు పని అప్పగించారట. అది ఒక ఫైలు పేరును వెతికింది; ఎక్కడా దొరకలేదు; తీసివేసింది. నిజానికి ఆ పేరు '.గిట్‌హబ్' అనే ఫోల్డరులో ఉంది. చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లను రిప్‌గ్రెప్ ప్రత్యేకంగా అడిగితే తప్ప చూడదు. మరునాటి ఉదయం కొత్త కూర్పు విడుదల ఆగిపోయింది. అందరూ ఏజెంటును తిట్టారు. నేను మాత్రం దాన్ని తప్పుపట్టను. గురువు చెప్పని అపవాదాన్ని శిష్యుడు పాటించలేదని కొట్టినట్లుంటుంది.

ఉపకరణానిదీ దోషం కాదు. 2016లో ఆండ్రూ గాలంట్ అనే ఆయన దీన్ని వెలువరించినప్పుడు చుక్క ఫోల్డర్లనూ, బైనరీ ఫైళ్ళనూ, 'గిట్‌ఇగ్నోర్' జాబితాలో ఉన్నవాటినీ విడిచిపెట్టేటట్లు కావాలనే చేశారు. ప్రోగ్రామరుకు చెత్త తగ్గుతుంది, వేగం పెరుగుతుంది. ఆ సంగతి దాని మూలవివరణలో స్పష్టంగానే ఉంది కూడా. మావాడి పుటలో లేదు, అంతే. అందులో ఎంత వేగంగా వెతుకుతుందో ఉంది, ఎన్ని విధాల వెతకవచ్చునో ఉంది. దేన్ని వెతకదో లేదు.

మావాడి వాదం వాడికుంది. "ఏజెంటు ఆ మూలవివరణను ఎప్పుడో చదివే ఉంటుంది నాన్నగారూ. మేము వ్రాసే ప్రతి వాక్యమూ దాని జ్ఞాపకంలో చోటు తింటుంది. క్లుప్తంగా ఉండాలి." క్లుప్తత గురించి వ్యాకరణం చదివినవాడికి చెప్పాలా! అరమాత్ర తగ్గితే పుత్రోత్సవమంత సంబరపడిన జాతి వైయాకరణులది. కాని ఆ క్లుప్తత నిలబడింది వెనుక వృత్తీ, వార్తికమూ, భాష్యమూ ఉండబట్టి. పైగా పాణిని సూత్రాల్లో అనువృత్తి ఉంది: పై సూత్రంలోని పదం క్రింది సూత్రాలకు దిగివస్తుంది. వరుసగా కంఠస్థం చేసినవాడికే అది పనిచేస్తుంది. ఏజెంటు ఒక్కొక్కసారి పుటలో ఒక ముక్కను మాత్రమే తెచ్చుకొని చదువుతుందట. అటువంటి పాఠకుడికి 'పైన చెప్పినట్లు' అని వ్రాస్తే పైన ఏముందో ఎలా తెలుస్తుంది? ఆ పుటలో అది మూడుచోట్ల కనబడింది. మూడూ కొట్టివేశాను.

'సాధారణంగా' అన్న మాటకూ ఎర్రసిరా తగిలింది. చిన్నయసూరి అకారసంధి దగ్గర బహుళమన్నాడు. ఆ ఒక్క మాట విప్పడానికి నాకు తరగతిలో ఒక పీరియడు పట్టేది. ఒకచోట నిత్యం, ఒకచోట వికల్పం, మరొకచోట అసలే రాకపోవడం. భాషలో ఉన్నదే అలా ఉంది కనుక ఆయనకు వేరే దారి లేదు. మనిషి చేసిన ఉపకరణానికి బహుళమెందుకు? ఏ ఫైళ్ళను విడుస్తుందో, విడవకుండా ఉండాలంటే ఏ మీట వాడాలో ఖచ్చితంగా చెప్పవచ్చు. 'యు' అక్షరాన్ని మూడుమార్లు ఇస్తే ఆ మూడు వడపోతలూ తొలగుతాయట. ఇంత చిన్న సంగతిని వ్రాయడానికి చోటు చాలలేదా?

మరొకటి. ఈ ఉపకరణం పని ముగించాక ఒక సంఖ్య నిస్తుంది: దొరికితే 0, దొరకకపోతే 1, ఏదైనా పొరపాటు జరిగితే 2. దొరకకపోవడమూ, వెతకలేకపోవడమూ వేరని దాన్ని చేసినవారికి తెలుసు. మావాడి పుటలో ఆ రెండూ కలిసి 'ఫలితం శూన్యం' అయిపోయాయి. అభావానికీ జ్ఞానాభావానికీ భేదం మన నైయాయికులు ఎంత పట్టుదలగా చెప్పారో మళ్ళీ చెప్పనక్కరలేదు.

ఇక మన తెలుగు సంగతి. 'సాఫ్ట్‌వేర్' అని వ్రాసేటప్పుడు టకారానికీ వేకారానికీ మధ్య కంటికి కనబడని విభాజకం పెట్టడం లేఖిని కాలం నుండీ మనకు అలవాటు. అది లేకుండా వెతికితే రిప్‌గ్రెప్‌కు ఆ మాట దొరకదు. ఐత్వాన్ని ఒక సంకేతంగానూ వ్రాయవచ్చు, రెండు సంకేతాలుగానూ వ్రాయవచ్చు. కంటికి ఒకటే, దానికి రెండు. తెలుగు సందేశాలున్న ప్రోగ్రామును ఏజెంటుకు అప్పగించేవారు ఈ మాటనూ వ్రాయవలసి ఉంటుంది. మావాడు నమ్మలేదు. నా పాత టపాల ప్రతులున్న ఫోల్డరులో విభాజకం లేకుండా 'సాఫ్ట్‌వేర్' వెతికించాను. ఒక్కటీ రాలేదు. విభాజకంతో వెతికితే తెర నిండింది.

పుటను దిద్దుకొని మొన్న మళ్ళీ పంపాడు. వేగాన్ని గురించిన పొగడ్త తగ్గి, దేన్ని చూడదో మొదటి పేరాలోకే వచ్చింది. 'సాధారణంగా' మాత్రం ఒకచోట మిగిలింది. ఆదివారం ఫోను చేసినప్పుడు అడగాలి.