దయకూ రుజువు కావాలి

మొన్న మా ఆఫీసులో 'భావోద్వేగ ప్రజ్ఞ' పేరుతో ఒకరోజు శిక్షణ పెట్టారు. "జీవితంలో విజయానికి తెలివి వాటా 20 శాతం, మిగిలిన 80 శాతం ఈక్యూదే" అని మొదలుపెట్టాడు వచ్చిన పెద్దమనిషి. హాలంతా చప్పట్లు. ఆధారమేమిటని అడిగాను. "ముందు మనసు విప్పి వినండి సార్" అన్నాడు. బాబాల దగ్గరా ఇదే సమాధానం వస్తుంది.

ఆ 80 శాతం కథ ఇదీ. 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ భావనను ఒక పరిశోధనా వ్యాసంలో ప్రతిపాదించారు. 1995లో డేనియల్ గోల్మన్ రాసిన పుస్తకంతో అది జనంలోకి వచ్చింది. జీవిత విజయంలో ఐక్యూ వాటా మహా అయితే 20 శాతమనీ, మిగతాది ఇతర కారణాలదనీ ఆయన రాశాడు. పుట్టిన వర్గం, అదృష్టం కూడా ఆ ఇతర కారణాల్లోనే ఉన్నాయి. శిక్షణ వ్యాపారులు మొత్తం 80నీ ఈక్యూ ఖాతాలో జమ వేసేశారు. అది తప్పని తర్వాత గోల్మనే చెప్పాల్సి వచ్చింది. మన దేశంలో ఆ జాబితాలో కులం కూడా ఉంటుందని వేరే చెప్పాలా?

అయితే మన మిత్రులు కొందరు రెండో కొసకు పోతారు. "దయాదాక్షిణ్యాలు మతాల సరుకు, పనిచోట తర్కం చాలు" అంటారు. ఇదీ ఆధారం లేని నమ్మకమే. అమెరికా ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద ఎమీ ఎడ్మండ్‌సన్ చేసిన పరిశోధన 1996లో వెలువడింది. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే, లెక్కల్లో ఎక్కువ కనిపించాయి. అక్కడి సిబ్బంది తప్పు బయటపెట్టడానికి భయపడటం లేదని ఆమె వివరించింది. ఒక్క పరిశోధనతో అంతా తేలిపోదు. కానీ కసురుకునే అధికారి దగ్గర తప్పులు దాగుతాయని మనలో ఎవరికి తెలియదు? నిజం తెలియాలనుకునే హేతువాదికి దయ అందుకే అవసరం.

మరి మన ఆఫీసుల్లో జరుగుతున్నదేమిటి? కేకలేసేది పైవాడు, కోపం అదుపు చేసుకోమని పాఠం కిందివాడికి. గొడవొస్తే "సర్దుకుపోండి" అంటారు. దానికి సంఘర్షణ పరిష్కారమని పేరు. పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ఈ విషయంలో మన మేనేజర్ల కంటే నయం. విచారణకు ముందు రాజీ ప్రయత్నం చేయవచ్చు గానీ, బాధితురాలు కోరితేనే చేయాలి, డబ్బు మీద కుదర్చకూడదు అంటుంది. ఏ గొడవకైనా ఇదే కొలత కావాలి. దెబ్బతిన్నవారు అడగకుండా కుర్చీలో ఉన్నవాడు చేయించే రాజీ ఒత్తిడే, ఎంత నవ్వుతూ చేయించినా.

ఈసారి శిక్షణకు పిలిస్తే ఒక్కటే అడగండి. పోయిన ఏడాది పైవాడి తప్పును ఎత్తిచూపిన ఉద్యోగికి ఏమైంది? తప్పు దిద్దారా, అతన్ని బదిలీ చేశారా? దయ ఉందో లేదో అక్కడ తేలుతుంది.

మిత్రులారా, మన సమావేశాల్లోనూ ఈ ప్రశ్న వేసుకుందాం. జాతకాల మీద సందేహంతో వచ్చిన కుర్రవాణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేస్తే, అతను రెండోసారి నోరు విప్పడు. తిన్నగా జ్యోతిష్కుడి దగ్గరకే పోతాడు. అక్కడ కనీసం కూర్చోబెట్టి మాట్లాడతారు.