నెపం బాధితుల మీదికా?

సైబర్ నేరాల గురించి పార్లమెంటులో ఎవరు ప్రశ్న వేసినా కేంద్ర హోంశాఖ జవాబు ఒకే మూసలో వస్తుంది. పోలీసు వ్యవస్థ రాష్ట్రాల పరిధిలోనిది, కేంద్రం తన వంతుగా ప్రజలకు అవగాహన కల్పిస్తోంది అంటూ ఎస్ఎంఎస్‌లు, కాలర్ ట్యూన్లు, ప్రచార కార్యక్రమాల చిట్టా విప్పుతుంది. 2023లో రూ.7,465 కోట్లుగా ఉన్న సైబర్ దోపిడీ 2024లో రూ.22,845 కోట్లకు చేరిందని 2025 జులైలో లోక్‌సభకు తెలిపినప్పుడూ అదే వరస. జనానికి తెలివి చాలక మోసపోతున్నారని ఆ చిట్టా చెప్పకనే చెబుతోంది. నిజాయతీ లేని వాదన ఇది.

2024లో అధికారులుగా నటించి బెదిరించే ‘డిజిటల్ అరెస్టు’ ముఠా వలలో పడి రూ.7 కోట్లు పోగొట్టుకున్న ఎస్.పి. ఓస్వాల్ వర్ధమాన్ గ్రూపు అధినేత, పద్మభూషణుడు. ఆయనకు లోకజ్ఞానం లేదని ఎవరంటారు? లుధియానా పోలీసులు వెంటనే కదిలితే అందులో రూ.5.25 కోట్లు తిరిగొచ్చాయి. సొమ్ము వెనక్కి తెచ్చింది పోలీసుల చురుకుదనమే తప్ప కాలర్ ట్యూన్ కాదు. అమితాబ్ బచ్చన్ గొంతుతో నెలల తరబడి ఆ హెచ్చరికను ఫోన్ చేయబోయినవాళ్లకు వినిపించారు. ఇంతకీ 2024లో జాతీయ సైబర్ నేరాల ఫిర్యాదుల పోర్టల్‌కు 22.68 లక్షల ఫిర్యాదులు అందాయి. లక్షల మందికి ఎక్కడ చెప్పుకోవాలో తెలుసు!

చెప్పుకున్నాక ఏమవుతోంది? 2023లో పోర్టల్‌కు వచ్చిన ఫిర్యాదులు 15.96 లక్షలు. ఆ ఏడాది దేశమంతటా నమోదైన సైబర్ కేసులు, జాతీయ నేర గణాంక సంస్థ లెక్క ప్రకారం, 86,420. నూటికి ఆరు కూడా లేవు. ప్రతి ఫిర్యాదూ కేసు కాకపోవచ్చు. ఒకే మోసంపై రెండు మూడు ఫిర్యాదులూ రావచ్చు. అయినా ఇంత అగాధానికి అది సంజాయిషీ కాదు. విచారణార్హమైన నేరం జరిగినట్లు సమాచారం అందితే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరాల్సిందేనని లలితకుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లోనే తేల్చి చెప్పింది. ఆ 86 వేల పైచిలుకు కేసుల్లో 18,236 ఒక్క తెలంగాణవే. మోసాలన్నీ తెలంగాణలోనే జరుగుతున్నాయా? కేసు కట్టిన రాష్ట్రం నేరాల పట్టికలో పైకెక్కి అపకీర్తి మూటగట్టుకుంటుంది. ఫిర్యాదును పోర్టల్‌లోనే వదిలేసిన రాష్ట్రం శాంతిభద్రతల్లో మేటిగా చలామణీ అవుతుంది.

కాంబోడియా, మయన్మార్ శిబిరాల నుంచి ముఠాలు నడుస్తుంటే స్థానిక పోలీసులకు కష్టమేనన్నది కాదనలేని మాట. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వచ్చిన ఫోన్లతో 2021 నుంచి 2025 జులై దాకా రూ.5,489 కోట్లు కాపాడామన్నదీ చిన్న విషయం కాదు. కానీ కాపాడిన సొమ్మంటే బ్యాంకుల్లో స్తంభింపజేసినది. పెద్ద మొత్తమైతే అది బాధితుడి చేతికి రావాలంటే కోర్టు ఉత్తర్వో, లోక్ అదాలతో కావాలి. మిగిలినదంతా అద్దె ఖాతాల గుండా, ఊరూపేరూ లేని సిమ్ కార్డుల సాయంతో దాటిపోయింది. ఆ ఖాతాలు తెరిచిన బ్యాంకులకు, ఆ సిమ్‌లు అమ్మిన టెలికాం సంస్థలకు అవగాహన తరగతులు ఎవరు చెప్పాలి?

బాధితులకు పోలీసులు న్యాయం చేస్తున్నారో లేదో తేల్చడానికి మూడు అంకెలు కావాలి. ఎన్ని ఫిర్యాదులు కేసులయ్యాయి, ఎన్నింటిలో అభియోగపత్రం పడింది, స్తంభించిన సొమ్ములో ఎంత వాపసు అందింది? రాష్ట్రాలవారీగా వీటిని హోంశాఖ సభ ముందుంచాలి. దర్యాప్తుకు తగినంతమంది అధికారులూ కావాలి. ఐటీ చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఆ చట్టం కింద నేరాలను దర్యాప్తు చేసే అధికారం ఇన్‌స్పెక్టర్, ఆపై స్థాయివారికే ఉంది. లక్షల ఫిర్యాదులను గుప్పెడుమంది అధికారుల నెత్తిన పెట్టిన ఆ నిబంధనను సడలించి, శిక్షణ పొందిన ఎస్సైలకూ దర్యాప్తు అప్పగించాలి. ఐటీ చట్టం కేంద్రానిది. ఆ సవరణకు రాష్ట్రాల పరిధి అడ్డు రాదు.