తెరకో తీరు

కర్సర్‌ను ఐదో వరుసలో పదో గడికి పంపడం ఎలా? 1970ల చివర్లో అమెరికాలోని బర్కిలీ ప్రోగ్రామర్లకు ఇదో పెద్ద చిక్కు. ఏడీఎం-3ఏ టెర్మినల్‌కు (తెర, కీబోర్డు కలిసిన పరికరానికి) ఒక సంకేతం, 1978లో వచ్చిన వీటీ100కు పూర్తిగా వేరొకటి. దీని ఆదేశం దానికి పంపితే తెర మీద పిచ్చి అక్షరాలే.

వారిలో ఒకడైన బిల్ జాయ్ దీనికి విరుగుడుగా టెర్మ్‌క్యాప్ రాశాడు. ఏ టెర్మినల్‌కు ఎన్ని వరుసలు, తెర తుడవడానికి ఏ సంకేతం, కర్సర్ జరపడానికి ఏది అన్నదంతా ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో పెట్టాడు. కొత్త రకం టెర్మినల్ వస్తే ప్రోగ్రామ్ జోలికి పోనక్కర్లేదు, ఆ ఫైలులో దాని వివరాలు చేరిస్తే చాలు. అతని వీఐ ఎడిటర్ రకరకాల తెరల మీద నడిచింది అలాగే. (అన్నట్టు, వీఐలో కర్సర్ కదిపే హెచ్, జె, కె, ఎల్ మీటలు ఏడీఎం-3ఏ కీబోర్డు మీది బాణం గుర్తుల చలవే.)

అసలు తెలివంతా ఆ తర్వాత కెన్ ఆర్నాల్డ్ రాసిన కర్సెస్ లైబ్రరీలో ఉంది. 24 వరుసలు, వరుసకు 80 చొప్పున తెర నిండా 1,920 అక్షరాలు. సెకనుకు 30 అక్షరాలు మోసే 300 బాడ్ లైను మీద అదంతా మళ్లీ రాయాలంటే నిమిషం దాటుతుంది. కర్సెస్ తెర నకలును మెమరీలో ఉంచుకుని, మారిన చోట్లకే అక్షరాలు పంపేది. రోగ్ అనే కంప్యూటర్ ఆట నడిచింది దీని మీదే.

వరుసల లెక్క తెలిసినా అమరిక కుదరాలిగా! ఐబీఎం 3278 టెర్మినల్‌లోనే ఒక మోడల్‌కు 24 వరుసలు, మరోదానికి 43. అడుగున ఉండాల్సిన సందేశాన్ని ‘24వ వరుస’కు కట్టేస్తే పెద్ద తెరపై అది నడిమధ్య వేలాడుతుంది. ‘చివరి వరుస’ అని రాసిన ప్రోగ్రామరే గట్టివాడు.