ఈతకు వాటర్‌ప్రూఫ్ ఒక్కటే చాలదు

నీళ్లలో తడిసినా పాడవదన్న భరోసా చూసి ఈతకు హార్ట్‌రేట్ మానిటర్ కొంటే డబ్బు నీళ్లపాలే. పెట్టె మీది ‘50 మీటర్లు’ అన్న ముద్ర వాచీలోకి నీరు చొరబడదని మాత్రమే చెబుతుంది, గుండె వేగం సరిగ్గా కొలుస్తుందని కాదు. మణికట్టు వాచీ పచ్చలైటు వేసి చర్మం కింద రక్తప్రవాహాన్ని పసిగడుతుంది. బార వేసినప్పుడల్లా అది కదిలి, సందులోకి నీరు చేరితే లెక్క తప్పుతుంది. ఛాతీ పట్టీ కొలత మెరుగే గానీ, గోడను తన్ని దూసుకెళ్లేటప్పుడు నడుము మీదికి జారుతుంది. పైగా పట్టీ నుంచి వాచీకి అంకె చేరవేసే బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు మింగేస్తుంది. ఈదుతూనే అంకె చూసి తీరాలనుకునేవారు 5 కిలోహెర్ట్జ్ సంకేతం పంపే పట్టీ, దాన్ని అందుకోగల వాచీ రెండూ వెతుక్కోవాలి. మామూలు ఈతగాళ్లకు ఆ తంటా ఎందుకు? నా ఓటు గాగుల్స్ పట్టీకి కణత దగ్గర తగిలించుకునే పోలార్ వెరిటీ సెన్స్ లాంటి సెన్సర్‌కే. అక్కడ కదలిక తక్కువ. కొలతలన్నీ తనలోనే దాచుకుని, ఒడ్డెక్కాక ఫోన్‌కు అప్పగిస్తుంది. వాచీ హంగుల కన్నా ఈ రెండు గుణాలకే డబ్బు పెట్టడం తెలివైన బేరం.